పోటు రాని ఒడ్డు: పులికాట్ ఉత్తర భాగంలో ఒక పల్లె కేస్ స్టడీ

సూళ్లూరుపేటకు ఉత్తరాన, పులికాట్ పడమటి ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి నలుగురు పెద్దలు తిరుపతిలోని మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో తెల్లకాగితం మీద రాయించుకొచ్చిన అర్జీ ఉంది. అందులో కోరికలు రెండే. పల్లె ముందున్న నీటిలో ప్రభుత్వం చేపపిల్లలను వదలాలి. కార్తీక మాసపు వానల నీరు వేసవి దాకా నిలిచేలా అడ్డంగా ఒక మట్టికట్ట వేయించాలి. "మా చెరువు చచ్చిపోతోంది సార్. నీళ్లు నిలిస్తే చేప నిలుస్తుంది, చేప నిలిస్తే మేం నిలుస్తాం" అన్నారు వారిలో పెద్దాయన.

అర్జీని చక్కగా తిరగరాసి, అంచనాలు జోడించి, సంబంధిత శాఖకు పంపడం మా పని. అలాంటివి చాలా చేశాం. ఆ రోజు నాకు కూడా ఆ రెండు కోరికల్లో తప్పేమీ కనిపించలేదు. నేను చిత్తూరు జిల్లాలో ఒక చెరువు కింద పుట్టి పెరిగినవాణ్ణి. మా ఊళ్లో కట్ట మీద గంగమ్మ గుడి ఉంటుంది. కట్ట గట్టిగా ఉంటే ఊరు బాగుంటుంది, తూము బిగువుగా ఉంటే రెండో పంట వస్తుంది. నీరు కదలకుండా నిలవడమే చెరువుకు ఆరోగ్యం. మత్స్యశాస్త్రం చదివినా, పదేళ్లుగా తీరంలో తిరుగుతున్నా ఈ చెరువు బుద్ధి నాలో ఎంత లోతుగా పాతుకుపోయిందో ఈ కేసు చేశాకే తెలిసింది. ఈ నివేదికను వివరంగా రాయడానికి కారణం అదే. తీరంలో పనిచేసే మిత్రులు అదే పొరపాటు చేయకూడదన్నది నా కోరిక. పల్లెవాళ్లు అడిగిన మేరకు ఆ పల్లె పేరు రాయడం లేదు.

పులికాట్ సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించాక తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాలతో పాటు మన వైపు పులికాట్ తిరుపతి జిల్లాలోకి వచ్చింది. తూర్పున సన్నగా సాగిన శ్రీహరికోట దీవి సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య గోడలా నిలిచి ఉంటుంది. ఇంత విశాలమైన నీటికి సగటు లోతు ఒక మీటరే. చాలా చోట్ల మనిషి నడిచిపోవచ్చు. ఈ లోతు లేకపోవడమే దాని బలమూ, దాని బలహీనతా. ఎండ అడుగుదాకా దిగుతుంది కనుక నీటిగడ్డి, నాచు విస్తారంగా పెరుగుతాయి. వాటి మీద పురుగులు, నత్తలు, చిన్న రొయ్యలు, వాటి మీద చేపలు, వాటి మీద పక్షులు బతుకుతాయి. అయితే ఒక మీటరు లోతున్న నీటిలో అర మీటరు పూడిక చేరితే సగం సరస్సు పోయినట్టే.

ఈ కొలతల కంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఇది చెరువు కాదు. చెరువుకు ఒక వైపు నుంచి నీరు వస్తుంది, కట్ట దగ్గర ఆగుతుంది. ఈ సరస్సుకు రెండు వైపుల నుంచి నీరు రావాలి, రెండు వైపులా కదలాలి. పడమటి నుంచి కాళంగి, దక్షిణపు కొసలో ఆరణి, ఉత్తరాన స్వర్ణముఖి మంచినీటిని తెస్తాయి. తూర్పున మొగల గుండా, అంటే సరస్సు సముద్రంతో కలిసే చోట్ల నుంచి, సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి లోపలికి వచ్చి, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. ఈ తీరంలో పెద్ద పోటుకు కూడా నీరు లేచేది ఒక మీటరు అటూఇటూ మాత్రమే. ఆ కొద్దిపాటి కదలికే ఇంత సరస్సుకు ఊపిరి. ఈశాన్య రుతుపవనాల్లో నదులు పొంగితే నీరు దాదాపు చప్పబడుతుంది. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి సముద్రపు నీరు చేరి ఉప్పు పెరుగుతుంది. వేసవిలో ఇంకా పెరుగుతుంది. ఏడాది పొడవునా ఇలా చప్పన నుంచి ఉప్పనకు, ఉప్పన నుంచి చప్పనకు మారుతూ ఉండే నీటికి తగ్గట్టుగా ఇక్కడి జీవులన్నీ తమ బతుకులను అమర్చుకున్నాయి.

రొయ్య సంగతి చూడండి. తల్లిరొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు రెండు మూడు వారాలు అలల మీద తేలుతూ రూపాలు మార్చుకుని, వెంట్రుకంత సన్నగా ఉన్నప్పుడు పోటుతో పాటు మొగలోంచి సరస్సులోకి వస్తాయి. ఇక్కడి నీటిగడ్డిలో దాక్కుని, మేత తిని, కొన్ని నెలల్లో ఎదిగి మళ్లీ గుడ్లు పెట్టడానికి సముద్రానికి పోతాయి. మండపీత ఆడది గుడ్లతో సముద్రానికే వెళ్తుంది. పాలబొంత పుట్టేదీ సముద్రంలోనే. పండుగప్ప కూడా గుడ్లు పెట్టడానికి ఉప్పెక్కువైన మొగ దగ్గరి నీటికి చేరుతుంది. అంటే పులికాట్‌లో వలకు పడే విలువైన జాతుల్లో చాలావాటికి ఇది పుట్టిల్లు కాదు, పెంచే ఇల్లు. బయట సముద్రంలో ట్రాలర్లు పట్టే రొయ్యల్లో కూడా ఇలాంటి సరస్సుల ఒడిలో పెరిగినవి ఎన్నో. మొగ మూసుకుంటే పిల్లలు లోపలికి రాలేవు, పెద్దవి బయటికి పోలేవు. అప్పుడు ఎన్ని లక్షల చేపపిల్లలను తెచ్చి వదిలినా అది ఒక్క పంటకు పెట్టే ఖర్చు. నీటి ఉప్పు ఆ పిల్లలు తట్టుకునే హద్దు దాటితే ఆ ఒక్క పంట కూడా దక్కదు.

ఇదంతా పుస్తకాల్లో చదివినదే. ఆ పల్లె ఒడ్డున నిలబడేదాకా అర్జీకీ దీనికీ ముడి వేయలేకపోయాను.

మొదటిసారి వెళ్లింది చైత్రంలో. ఒడ్డు నుంచి చూపు ఆనినంత దూరం నెర్రెలిచ్చిన బురద. దాని మీద తెల్లగా ఉప్పు పొర. నీరు ఎక్కడో దూరంగా వెండి గీతలా మెరుస్తోంది. పడవలు ఎత్తి కర్రల మీద పెట్టి ఉన్నాయి. యువకులు చాలామంది పరిశ్రమల్లో కూలి పనులకు శ్రీసిటీ వైపో, చెన్నై వైపో వెళ్లిపోయారు. మగవాళ్లలో వయసు మళ్లినవాళ్లే ఊళ్లో మిగిలారు. కారణం ఏమిటని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. సరస్సు దక్షిణం వైపు వాళ్లు సన్నకన్ను వలలు వేసి పిల్లలను ఊడ్చేస్తున్నారని కొందరు. రొయ్యల గుంటల నీరు వదలడం వల్ల అని ఇంకొందరు. వానలే లేవని మరికొందరు. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. కానీ కారణాల జాబితా ఎంత పొడవుగా ఉంటే పని అంత కుంటుపడుతుంది. వాటిలో ఏది ముందో తేల్చాలి.

దానికి మాకున్న సాధనాలు చాలా చిన్నవి. సెంటీమీటర్ల గుర్తులు కోసిన సరుగుడు కర్రలు మూడు, నీటిలో ఉప్పును కొలిచే చేతి రిఫ్రాక్టోమీటర్ ఒకటి, రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి. మొదటి కర్రను పల్లె ముందు పాతాం. పల్లె నుంచి నీటి మధ్యలో ఉన్న ఒక మిట్టకు మట్టిబాట ఉంది. రెండో కర్ర ఆ బాటకు ఉత్తరాన, రాయదొరువు మొగ వైపు. మూడోది ఇంకా ముందుకు, మొగకు దగ్గరగా. ఇంటర్ చదువుతున్న ఇద్దరు పిల్లలు రోజూ ఉదయం, సాయంత్రం కర్రల మీద నీటి మట్టం చూసి రాశారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది కనుక ఆ రెండు పూటలూ గంటకోసారి చూశారు. పల్లె నుంచి సంతకు చేపలు తీసుకెళ్లే ఆడవాళ్లు ఏ రోజు ఏ రకం ఎంత వచ్చిందో రాయించారు. అన్ని రకాల కొలతల్లోనూ మాకు ఎక్కువ పనికొచ్చింది ఆ పుస్తకమే. తక్కెడ పట్టినవారికి లెక్క తప్పదు.

ఆరు నెలలు గడిచాయి. మూడో కర్ర దగ్గర అమావాస్య పోటుకు నీరు లేచి తగ్గడం స్పష్టంగా కనిపించింది. రెండో కర్ర దగ్గర కొద్దిగా కనిపించింది. మొదటి కర్ర దగ్గర అసలు లేదు. గాలి వీచినప్పుడు నీరు ఒక పక్కకు ఒరిగేది, అంతే. వేసవి చివర రిఫ్రాక్టోమీటర్‌లో పల్లె ముందు నీరు సముద్రపు నీటి గీతను బాగా దాటిపోయింది. సముద్రపు నీటిలో సాధారణంగా లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అంతకంటే ఉప్పనైన నీరు అక్కడ ఉందంటే అర్థం ఒకటే. వచ్చిన నీరు బయటికి పోలేదు, ఎండకు ఇగిరిపోయింది, ఉప్పును మాత్రం వదిలిపెట్టింది. అది ఉప్పుమడిగా మారుతున్న నీరు.

ఇక్కడే మట్టికట్ట ప్రస్తావన తిరగబడింది. కట్ట వేసి ఉంటే ఈ పని ఇంకా వేగంగా జరిగేది. వానాకాలంలో నీరు నిలిచినట్టు కనిపించేది, మొదటి ఏడాది అందరూ సంతోషించేవాళ్లు. రెండో వేసవికి ఆ కట్ట లోపల ఉప్పు తప్ప మరేమీ మిగిలేది కాదు. అలాంటి కట్టను మేమే దగ్గరుండి అడిగి తెచ్చేవాళ్లం అని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అయితే రెండో కర్రకూ మొదటి కర్రకూ మధ్య అంత తేడా ఎందుకు? రెండింటి మధ్య దూరం కొద్దిపాటిదే. మేం మొగ మీదే దృష్టి పెట్టి దీన్ని పట్టించుకోలేదు. పట్టించినది యానాది తెగకు చెందిన ఒక అవ్వ. ఆమెకు పడవ లేదు, పెద్ద వల లేదు. మోకాటి లోతు నీటిలో చేతులతో తడిమి రొయ్యలు పట్టి తాటాకు బుట్టలో వేసుకుంటుంది. మేం పెట్టిన ఏ సమావేశానికీ ఆమె రాలేదు, మేం పిలవలేదు కూడా. ఒక సాయంత్రం బాట మీద ఎదురుపడి, కర్రల సంగతి అడిగి తెలుసుకుని, "దానికి కర్ర ఎందుకు నాయనా? పోటు నాడు బాటకు అవతల రొయ్య ఎగురుతుంది. ఇవతల ఎగరదు. మా అమ్మ కాలంలో రెండు పక్కలా ఎగిరేది" అంది. బాట కింద ఏముంది అవ్వా అని అడిగాను. "గొట్టాలు ఉండేవి. మూసుకుపోయి ఎన్నాళ్లయిందో" అంది.

మర్నాడు గడ్డపారలతో వెతికితే బాట కింద వరసగా సిమెంటు గొట్టాలు దొరికాయి. కొన్ని పూర్తిగా, కొన్ని ముప్పావు వంతు బురదతో, గుల్లలతో నిండిపోయి ఉన్నాయి. బాట వేసినవారు నీటికి దారి ఉండాలనే గొట్టాలు పెట్టారు. వాటిని ఏటా తీయాలన్న సంగతి ఎవరి పనుల జాబితాలోనూ లేదు. అవి మూసుకున్న నాటి నుంచి ఆ మట్టిబాట బాటగా మాత్రమే మిగల్లేదు, కట్టగా మారింది. పల్లెవాళ్లు కోరిన కట్ట వాళ్లకు తెలియకుండానే ఎప్పుడో వెలిసిందన్నమాట.

పులికాట్ మొత్తానికీ ఇదే కథ పెద్ద కొలతలో కనిపిస్తుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును అడ్డంగా దాటుతుంది. దేశానికి అవసరమైన రోడ్డే అది. 1971లో శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది, అక్కడి అంతరిక్ష ప్రయోగాలకు ఆ దారే ఆధారం. కానీ రోడ్డుకు ఉత్తరాన నీటి కదలిక తగ్గి, పూడిక చేరి, వేసవిలో విస్తారంగా ఎండిపోవడం ఒడ్డున ఉన్నవాళ్లందరి కళ్ల ముందు జరుగుతున్నదే. 1876–78 కరువు పనుల్లో పొడిగించిన బకింగ్‌హాం కాలువ ఒకప్పుడు ఈ నీటి గుండానే పడవలను నడిపేది. ఇప్పుడు అది కూడా చాలాచోట్ల పూడిపోయింది. పడమటి నుంచి వచ్చే నదులు మునుపటిలా లేవు. తిరుచానూరు పక్కన స్వర్ణముఖి ఇసుకను చూసినవారికి, పిచ్చాటూరు దగ్గర ఆరణియార్ ప్రాజెక్టును చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మంచినీరు తగ్గితే రెండు నష్టాలు. ఉప్పు పలచబడదు. వరద వచ్చినప్పుడు మొగలోని ఇసుకను తోసేసే బలం కూడా ఉండదు. మన కొండల్లో పడిన వాన అక్కడ మొగను తెరిచే తాళంచెవి. తిరుపతిలో ఉండి సముద్రంతో మనకేమిటి సంబంధం అనుకునేవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే.

మొగ సంగతి కూడా చెప్పాలి. మన తూర్పు తీరంలో అలలు ఇసుకను మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ ఉంటాయి. ఆ ప్రయాణంలో మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. లోపలి నుంచి వేగంగా నీరు బయటికి వస్తే మేట కోసుకుపోతుంది, లేకపోతే పెరిగి మొగను మూస్తుంది. అంటే మొగ తెరుచుకుని ఉండడానికి లోపలి నీరు కదలాలి. లోపలి నీరు కదలడానికి మొగ తెరుచుకుని ఉండాలి. ఒకటి కుంటుపడితే రెండోది కూడా కుంటుపడుతుంది. అందుకే పూడిక తీయడం ఒక్కసారి చేసి మరిచిపోయే పని కాదు.

గొట్టాలు దొరికాక పని సులువనుకున్నాం. సులువు కాలేదు. ఈ నీటిలో చాలా భాగం 1976 నుంచి పక్షుల అభయారణ్యం. మన వైపు అభయారణ్యం విస్తీర్ణం సుమారు 327 చదరపు కిలోమీటర్లు. అక్కడ బుట్టెడు మట్టి కదపాలన్నా అనుమతి కావాలి. అనుమతి అడగడం సబబే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ రావడానికి నెలలు పట్టింది. వచ్చిన వెంటనే జ్యేష్ఠంలో ఉపాధి హామీ కూలీలతో గొట్టాలన్నీ శుభ్రం చేయించాం. అందరం చప్పట్లు కొట్టుకున్నాం. అక్టోబరులో తొలి వరదకు ఒడ్డు మీది మట్టి అంతా కొట్టుకొచ్చి సగం గొట్టాలు మళ్లీ మూసుకుపోయాయి. తీసిన బురదను మేం బాట పక్కనే కుప్పలు పోశాం. అదే తిరిగి లోపలికి పోయింది. ఈ పొరపాటు పూర్తిగా మాది. బురదను ఎక్కడ పోయాలో అవ్వను అడిగి ఉంటే చెప్పేది.

రెండో ఏడాది పని తీరు మార్చాం. బురదను దూరంగా, మిట్ట మీదికి మోయించాం. పనిని వానలకు ముందు ఒకసారి, తొలి వరద తగ్గిన వెంటనే రెండోసారి అని రెండుగా విడగొట్టాం. రెండోసారికి నిధులు ఎక్కడా లేవు. పల్లెలోని ప్రతి ఇంటి నుంచి ఒకరు వచ్చి చేశారు. పడవలున్న ఇళ్లవాళ్లు, యానాది వాళ్లు ఒకే వరసలో నిలబడి బురద తట్టలు అందుకోవడం ఆ పల్లెలో అంతకు ముందు నేను చూడలేదు. రొయ్య ఎటు పోతుందో తెలిసిన మనిషిగా ఆ రోజు పని చూపించింది అవ్వే. ఆమె వేరే ఏమీ అనలేదు, "ఈ గొట్టం ముందు తీయండి, లోతు అటే ఉంది" అని మాత్రం చెప్పింది.

ఆ పుష్య అమావాస్య నాడు మొదటి కర్ర మీద నీరు లేచింది. నాలుగు వేళ్ల ఎత్తు. మళ్లీ తగ్గింది. రాసుకుంటున్న పిల్లవాడు నమ్మలేక మూడుసార్లు చూశాడు. మాఘంలో బాటకు ఇవతల నీటిగడ్డిలో సన్నవల లాగితే రొయ్య పిల్లలు, మండపీత పిల్లలు కనిపించాయి. సంత పుస్తకంలో కొన్నేళ్లుగా లేని పాలబొంత పేరు మళ్లీ చేరింది. చిన్న గంపెడే. ఆ పేజీని పెద్దాయన చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

పక్షులు కూడా వచ్చాయి. దీన్ని మా ఘనతగా రాయడం లేదు, అవి మంచి వానలు పడిన ఏడాది ఎలాగూ వస్తాయి. కానీ వాటిని చూస్తే నీటి తీరు అర్థమవుతుంది. ఫ్లెమింగో తలను తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో నీటిని వడగట్టి నాచునూ, సూక్ష్మమైన జీవులనూ తింటుంది. దానికి కాళ్లు ఆనే లోతే కావాలి. నీరు మరీ ఎక్కువైనా, పూర్తిగా ఎండినా అది వెళ్లిపోతుంది. గూడబాతుది ఇంకో లెక్క. అది గూడు కట్టేది నేలపట్టు చెరువులోని నీటి కడప చెట్ల మీద, మేతకు వచ్చేది పులికాట్‌కు. నేలపట్టు మంచినీటి చెరువు, పులికాట్ ఉప్పునీటి సరస్సు. రెండూ బాగుంటేనే గూట్లోని పిల్ల బతుకుతుంది. ఒకదాన్ని కాపాడి ఇంకొకదాన్ని వదిలేస్తే పక్షికి ఇల్లు ఉంటుంది, వంట ఉండదు. సూళ్లూరుపేటలో 2001 నుంచి జరుపుతున్న ఫ్లెమింగో పండుగకు వచ్చే పిల్లలకు నేను ప్రతిసారీ పక్షిని చూపే ముందు నీటిలో వేలు ముంచి రుచి చూడమంటాను.

ఫలితం ఇక్కడితో ఆగితే బాగుండేది. వైశాఖం వచ్చేసరికి రాయదొరువు వైపు ఇసుక మేట మళ్లీ పెరిగింది. మూడో కర్ర దగ్గరే పోటు సన్నగిల్లింది. అక్కడ లేనిది మా గొట్టాల దాకా ఎలా వస్తుంది? పల్లె ముందు నీటిలో ఉప్పు మళ్లీ సముద్రం గీతను దాటింది, కాకపోతే మునుపటి కంటే ఆలస్యంగా. మండపీతలు, బొంతలు పట్టడానికి పల్లెకు అదనంగా కొన్ని వారాలు దొరికాయి. మేం సాధించింది అంతవరకే. గొట్టాలు పల్లె చేతిలో ఉన్న పని, మొగ వాళ్ల చేతిలో లేని పని. ఈ రెండింటినీ వేరుచేసి చూపగలగడమే ఈ కేసు వల్ల మాకు కలిగిన పెద్ద ప్రయోజనమని నా అభిప్రాయం. ఇప్పుడు వాళ్ల అర్జీలో చేపపిల్లలు లేవు, కట్ట లేదు. మూడు కర్రల లెక్కలు, సంత పుస్తకం నకళ్లు ఉన్నాయి. బాట కింద గొట్టాల బదులు వెడల్పయిన కల్వర్టు కావాలని, మొగ దగ్గర పూడికను ఒక్కసారి కాకుండా క్రమం తప్పకుండా తీయాలని రాశారు.

మొగ తవ్వితే ఏమవుతుందో చెప్పేటప్పుడు అందరూ చిలికాను చూపుతారు. చూపవలసిందే. పూడికతో, మంచినీటి కలుపుతో కుంగిపోయిన చిలికాను 1993లో అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తెరిచారు. ఉప్పు మళ్లీ సర్దుకుంది, చేపలు పెరిగాయి, 2002లో ఆ జాబితా నుంచి చిలికా బయటపడింది. అయితే రెండు జాగ్రత్తలు చెప్పాలి. చిలికా బాధ నీరు మరీ చప్పబడడం, మన ఉత్తర పులికాట్ బాధ నీరు మరీ ఉప్పెక్కడం. మందు పేరు ఒకటే కావచ్చు, మోతాదు ఒకటి కాదు. పైగా అక్కడ మొగ ఎక్కడ తెరవాలో ముందుగా నీటి ప్రవాహాల నమూనాలు కట్టి, పరీక్షించి తేల్చారు. సరస్సు కోసమే పనిచేసే ఒక ప్రాధికార సంస్థ 1991 నుంచే ఉంది, పైనున్న నదుల పరీవాహకంలో కూడా పని చేసింది. పులికాట్ రెండు రాష్ట్రాల మధ్య ఉంది. దక్షిణపు మొగ తమిళనాడులో, ఉత్తరపు మొగ మన దగ్గర. ఒక చోట చేసిన పని ఫలితం ఇంకో చోట కనిపిస్తుంది. ఇద్దరూ కలిసి కూర్చునే ఒక శాశ్వతమైన బల్ల లేనిదే ఈ సరస్సుకు వైద్యం కుదరదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

రొయ్యల గుంటల మాట పల్లెవాళ్లు ఎత్తారు కనుక దాన్నీ వదలను. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో ఇచ్చిన తీర్పు చిలికా, పులికాట్ సరస్సుల నుంచి 1000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండరాదని చెప్పింది. నేలపట్టు పక్షుల కేంద్రం పేరు కూడా ఆ తీర్పులో ఉంది. చాలామంది రైతులకు ఆ సంగతి తెలియదు. ఒడ్డున పనిచేసే ప్రతివారి దగ్గరా దాని తెలుగు సారాంశం ఉండాలి. అయితే మేం చూసిన ఈ ఒక్క పల్లె వరకు, గుంటల నీటి కంటే నీటి కదలిక ఆగిపోవడమే ముందున్న కారణం. కదిలే నీరు కొంత మురికిని మోసుకుపోగలదు. ఆగిన నీటిలో ఏది పడినా అక్కడే ఉంటుంది.

ఈ సరస్సు చేసే పనుల్లో మేం కొలవనివి ఇంకా ఉన్నాయి. తుపాను నాడు కాళంగి, స్వర్ణముఖి వరదలను పరుచుకుని ఊళ్ల మీదికి ఒక్కసారిగా పోనివ్వకుండా పట్టుకునేది ఇదే. అడుగున పెరిగే నీటిగడ్డి గాలిలోని కార్బన్‌ను బురదలో దాచిపెడుతుంది. ఆ బురద ఎండి నెర్రెలిచ్చినప్పుడు దాచినది తిరిగి గాలిలో కలుస్తుంది. ఎండిన చోట సర్కారు తుమ్మ మొలుస్తుంది, దాని వెనకే ఆక్రమణ వస్తుంది, ఆపైన అది ఎప్పుడూ నీరు కానట్టే మాట్లాడతారు.

ఇలాంటి పని చేపట్టేవారు తొలి వారంలోనే ఆ ఊళ్లో నీటిలో నడిచి బతికేవాళ్లు ఎవరో కనుక్కోవాలి. పడవ ఉన్నవారు లోతును చూస్తారు, నడిచేవారు అడుగును చూస్తారు. మేం అవ్వను కలవడానికి ఆరు నెలలు పట్టింది. ఇంకో మాట, కర్రలను సరుగుడుతో కాకుండా తాటి చీలికతో చేసుకోండి. ఉప్పునీటిలో మావి ఒక్క వానాకాలానికే పుచ్చిపోయి రెండుసార్లు మార్చవలసి వచ్చింది.

సంత లెక్కలు ఇప్పుడు మూడో నోటుపుస్తకంలో ఉన్నాయి. కల్వర్టు అర్జీకి కొలతలు తీసుకుని వెళ్లారు, మంజూరు ఇంకా రాలేదు. ఈ భాద్రపదంలో గొట్టాలు తీసే పనికి ఎవరింటి నుంచి ఎవరు రావాలో పట్టిక రామాలయం గోడకు అంటించారు. ఆ పట్టికలో మొదటి పేరు అవ్వది.